తడి నేలలో వాడిన టమాట: ఒక కేసు

నేపథ్యం

ఒకటిన్నర ఎకరం టమాట తోట. గరప నేల, డ్రిప్పు సాగు, నల్ల మల్చింగ్ షీటు. సాలుకీ సాలుకీ మధ్య ఒకటిన్నర మీటరు, మొక్కకూ మొక్కకూ మధ్య 40 సెంటీమీటర్లు. ప్రతి మొక్క మొదట్లో గంటకు 2 లీటర్లు వదిలే డ్రిప్పర్. ఆ వాతావరణంలో మొక్కకు రోజుకు దాదాపు 3 లీటర్లు కావాలి, రైతు గంటన్నర నీరు పెడుతున్నారు. అంటే లెక్క సరిగ్గానే ఉంది.

ఇదే నేలలో దీనికి ముందు పంట వంగ, అంతకు ముందు బెండ. విత్తన ప్యాకెట్ మీద మాత్రం వేరుముడి నులిపురుగును (వేర్లలో చేరి బుడిపెలు కట్టించే సన్నటి పురుగు) తట్టుకునే రకమని ఉంది. ఈ ఒక్క మాటను నమ్మడంవల్ల దాదాపు మూడు వారాలు వృథా అయ్యాయి.

బోరు నీటి ఈసీ, అంటే ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత, 1.4 డెసీసీమెన్లు (ఈ వ్యాసంలో ఈసీ అంకెలన్నీ మీటరుకు). ఎరువంతా డ్రిప్పులోనే. పొటాష్ కోసం మ్యూరేట్ ఆఫ్ పొటాష్ (పొటాషియం క్లోరైడ్) వాడుతున్నారు, డ్రిప్పు నీటిలో లీటరుకు ఒకటిన్నర గ్రాములు పడేలా.

కనిపించిన లక్షణాలు

నాటిన 44వ రోజు, పూత పిందె మీద ఉండగా, ఉదయం 11 గంటలకల్లా కొన్ని మొక్కలు వాడిపోవడం మొదలైంది. సాయంత్రం ఐదింటికి తేరుకుంటున్నాయి. తోటంతా కాదు, ఆరేడు చోట్ల గుంపులు గుంపులుగా. ఒక్కో గుంపులో ఇరవై నుంచి యాభై మొక్కలు. ఆ గుంపుల్లో పూత ఎక్కువ రాలుతోంది, ఎదుగుదల జానెడు తక్కువ. షీటు ఎత్తి మట్టి పట్టుకుంటే వేలికి తడి అంటుతోంది.

కారణం వెతకడానికి మేము వెళ్లింది 62వ రోజున. అప్పటికి మూడు ప్రయత్నాలు జరిగిపోయాయి. ఏదీ మతిలేని పని కాదు, ప్రతిదానికీ ఒక కారణం ఉంది. కానీ ఆ కారణాన్ని పరీక్షించకుండా మందు ముందు పడింది.

మొదటి మూడు నిర్ణయాలు

వాడింది కాబట్టి నీరు తక్కువైందని అనుకుని, గంటన్నర పెట్టేది నాలుగు గంటలకు పెంచారు. మొక్కకు 3 లీటర్ల చోట 8 లీటర్లు. మొదటి రెండు రోజులు తేడా కనిపించింది, వాడటం గంట ఆలస్యమైంది. దాంతో నమ్మకం కుదిరి మరో ఐదు రోజులు అలాగే కొనసాగించారు. నాలుగో రోజు నుంచి కొత్త లక్షణం వచ్చింది. ఆకు కాడలు కిందికి వంగి, మొక్క గొడుగు ముడిచినట్టు కనిపించింది. అడుగు ఆకులు పసుపు పట్టాయి.

ఇక్కడ ఆకును చేత్తో పట్టుకుని చూడాల్సింది. వాడిన ఆకు తడిగుడ్డలా మెత్తగా వేలాడుతుంది. నీరు ఎక్కువై వంగిన ఆకు బిగువుగానే ఉంటుంది, వంగింది కాడ మాత్రమే. నీట మునిగిన వేరులో ఏసీసీ అనే పదార్థం తయారవుతుంది. అది ఇథిలీన్ అనే వాయు హార్మోన్‌గా మారడానికి ఆక్సిజన్ కావాలి, వేరు దగ్గర అది ఉండదు. అందుకని ఏసీసీ నీటితోపాటు పైకెక్కి, గాలి తగిలే ఆకుల్లో ఇథిలీన్ అవుతుంది. కాడ పైవైపు కణాలు కిందివైపు కంటే ఎక్కువ సాగి కాడ వంగుతుంది. టమాటలో ఇది చాలా స్పష్టంగా కనిపిస్తుంది. గాలిలో కంటే నీటిలో ఆక్సిజన్ దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది. మట్టి సందులు నీటితో నిండిపోతే వేరుకు ఊపిరి అందదు. ఊపిరి అందని వేరు కణాల్లో ఆమ్లత్వం పెరిగి నీటిని లోపలికి వదిలే ద్వారాలు మూసుకుంటాయి. నీళ్లలో నిలబడ్డ మొక్క వాడిపోయేది అందుకే.

ఇది గరప నేల, నీరు ఇంకిపోవాలి కదా అని సందేహం వస్తుంది. తర్వాత గుంట తీసినప్పుడు 25 సెంటీమీటర్ల లోతున మూడు సెంటీమీటర్ల మందాన గట్టిపొర తగిలింది. ఏళ్ల తరబడి ఒకే లోతున రోటవేటర్ తిప్పిన ఫలితం. ఇనుప చువ్వ గుచ్చితే అక్కడ ఆగిపోతుంది. పై నేల గరపే, అడుగు మాత్రం పళ్లెంలా పనిచేస్తోంది.

రెండో ప్రయత్నం 53వ రోజున. అడుగు ఆకులు పసుపు, మధ్యాహ్నం వాడటం చూసి ఫ్యూజేరియం వడలు తెగులని అనుమానించి రెండు శిలీంధ్ర నాశకాలు మొదళ్లలో పోశారు. అనుమానం తప్పు కాదు. ఎద్దడిలో ఉన్న మొక్కలో ఆబ్సిసిక్ ఆమ్లం పెరుగుతుంది. దాని పని పత్రరంధ్రాలు మూయించి నీటిని కాపాడటం. అయితే అదే హార్మోన్ చాలా సందర్భాల్లో సాలిసిలిక్ ఆమ్లం నడిపే తెగులు రక్షణను తగ్గిస్తుంది. ఎద్దడి మొక్కకు తెగులు తొందరగా పడుతుందని రైతులు అనే మాటలో ఈ నిజం ఉంది. కానీ ఫ్యూజేరియం అవునో కాదో చూడటానికి చాకు చాలు. కాండం మొదలును నిలువునా చీలిస్తే నీటి నాళాలు గోధుమ రంగుకు తిరిగి ఉండాలి. బ్యాక్టీరియా వడలు అయితే కోసిన కాండం ముక్కను గ్లాసు మంచినీటిలో వేలాడదీస్తే కొద్ది నిమిషాల్లోనే పాలలాంటి దారాలు కిందికి దిగుతాయి. 62వ రోజున ఐదు మొక్కలకు ఈ రెండూ చేశాం. నాళాలు తెల్లగా ఉన్నాయి, నీరు తేటగా ఉంది. మందు పోసే ముందు పది నిమిషాలు పట్టే పని ఇది.

మూడోది, పసుపును నత్రజని లోపం అనుకుని ఐదు రోజులు 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండే ఎరువు) అదనంగా ఇవ్వడం. పసుపు తగ్గలేదు, పైగా ముదురు ఆకుల అంచులు మాడాయి. నష్టం ఎక్కువ చేసింది ఇదే.

ఆపి చూసిన రెండు రోజులు

మొదట చేసింది ఏమీ చేయకపోవడం. ఎరువు ఆపి, నీరు గంటన్నరే ఉంచి, రెండు రోజులు మొక్కను వదిలేశాం. మూడు జోక్యాల ప్రభావం కలిసిపోయి ఉన్నప్పుడు నాలుగోది చేస్తే, మూల కారణం ఎప్పటికీ విడిపడదు.

రెండో రోజు తెల్లవారుజామున, ఎండ రాకముందే తోటలో నడిచాం. బాగున్న చోట ఆకు అంచుల్లో చిన్న చిన్న నీటి బొట్లు వరసగా నిలిచి ఉన్నాయి. ఇది మంచు కాదు. రాత్రి వేరు తోసిన నీరు ఆకు అంచు రంధ్రాల్లోంచి బయటికి వస్తుంది. జబ్బు గుంపుల్లో మాత్రం ఆకులు పొడిగా ఉన్నాయి. మట్టి తడి రెండు చోట్లా ఒకటే. అంటే తేడా మట్టిలోని నీటిలో లేదు, ఆ నీటిని తోసే వేరులో ఉంది. పరికరం ఏదీ లేకుండా ఈ కేసులో దొరికిన అతి విలువైన ఆధారం ఇదే.

తర్వాత జంటలు జంటలుగా మొక్కలు తవ్వాం. జబ్బు మొక్క ఒకటి, దానికి పది అడుగుల్లో బాగున్నది ఒకటి. అలా ఆరు జంటలు. పట్టి పీకితే సన్న వేర్లు తెగి మట్టిలోనే ఉండిపోతాయి. పారతో చుట్టూ తవ్వి, మట్టి గడ్డతో సహా ఎత్తి, బకెట్ నీటిలో నానబెట్టి కడగాలి.

జబ్బు మొక్కల వేర్ల మీద బుడిపెలు ఉన్నాయి. పప్పుధాన్యాల వేరుబుడిపెలైతే గోరుతో గీకితే ఊడి వస్తాయి. ఇవి వేరులోనే ఉబ్బి ఉన్నాయి, చీలిస్తే లోపల గుండుసూది మొనంత తెల్లని ఆడ పురుగు. 0 నుంచి 10 దాకా ఉండే బుడిపె కొలతలో జబ్బు మొక్కలకు 5, 6 వచ్చాయి, బాగున్నవాటికి 0, 1.

తట్టుకునే రకానికి బుడిపెలు ఎందుకు వచ్చాయి? టమాటలో ఈ నిరోధకత ఎంఐ-1 అనే జన్యువుది. అడవి టమాట జాతి నుంచి తెచ్చారు. మట్టి వేడి 28 డిగ్రీల సెల్సియస్ దాటితే ఇది పనిచేయడం మానేస్తుంది. నల్ల షీటు కింద, 10 సెంటీమీటర్ల లోతున, మధ్యాహ్నం మూడింటికి కొలిస్తే 32 డిగ్రీలు. ప్యాకెట్ మీద మాట అబద్ధం కాదు, దానికి ఒక షరతు ఉంది. ఆ షరతును షీటు కింది వేడి రోజూ దాటుతోంది.

లెక్క కుదరలేదు

ఇక్కడితో ఆపి, దోషి నులిపురుగే అని తేల్చేయొచ్చు. చాలా కేసులు ఇక్కడే ముగుస్తాయి. కానీ రెండు విషయాలు పొసగలేదు. 5, 6 స్థాయి బుడిపెలున్నా రోజూ 11 గంటలకే ఇంత గట్టిగా వాడటం అతిగా అనిపించింది. పైగా ఆకు అంచు మాడటం తోట మొత్తంలో ఉంది, బుడిపెలు లేని చోటా ఉంది.

మట్టి ఈసీ చూశాం. ఆరబెట్టిన మట్టి 20 గ్రాములు, డిస్టిల్డ్ వాటర్ 100 మిల్లీలీటర్లు, సీసాలో బాగా కదిపి, అడుగు తేరాక పైనీటిలో మీటరు పెట్టాలి. గరప నేలకు ఈ అంకెను సుమారు 9.5తో గుణిస్తే సంతృప్త ముద్ద (నీటితో పూర్తిగా నానిన మట్టి) ఈసీకి దగ్గరగా వస్తుంది. నమూనా ఒకే చోట తీస్తే మోసపోతాం. డ్రిప్పు ఉప్పును తడి అంచుకు నెడుతుంది. డ్రిప్పర్ కింద 0.22, రెండు డ్రిప్పర్ల నడిమధ్య 0.32, తడి అంచున 0.58 వచ్చాయి. అంటే 2.1, 3.0, 5.5. తోటంతా ఇంచుమించు ఇదే.

టమాట 2.5 దాకా ఓర్చుకుంటుంది. ఆపైన ఒక్కో డెసీసీమెన్‌కు దిగుబడి పది శాతం చొప్పున పడుతుంది. వేరు ఎక్కువగా ఉండే నడిమధ్య 3.0 అంటే తగ్గాల్సింది దాదాపు 5 శాతం. అంటే ఉప్పు ఒక్కటే అయితే రైతుకు తేడా కూడా తెలియకపోవచ్చు. బాగున్న మొక్కలు అలాగే నెగ్గుకొస్తున్నాయి.

రెండూ కలిసినప్పుడే కథ మారుతుంది. పొలంలో మామూలు తడి ఉన్నప్పుడు మట్టి నీటిలో ఉప్పు సంతృప్త ముద్దలో కంటే రెట్టింపు గాఢంగా ఉంటుంది, అంటే 3.0 కాస్తా 6. ఒక్కో డెసీసీమెన్‌కు 0.036 మెగాపాస్కల్ (ఒత్తిడి కొలత) చొప్పున 0.22 మెగాపాస్కల్ అదనపు లాగుడు అవసరం. బలమైన వేరు దీన్ని సర్దుకుంటుంది, కణాల్లో చక్కెరలు, ప్రోలీన్ లాంటివి కూడబెట్టి లాగే శక్తి పెంచుకుంటుంది. బుడిపె వేరులో నీటి నాళాల దారి వంకర్లు తిరిగి ఉంటుంది, సన్నవేర్లు తక్కువ. నులిపురుగు మేసే పెద్ద కణాలు మొక్క కూడబెట్టిన ఆహారాన్ని లాగేస్తాయి. ఉప్పు వల్ల నీటిని లాగడానికి ఎక్కువ బలం కావాలి, నులిపురుగు ఆ బలాన్నే తీసేస్తోంది. ఉప్పు తోటంతా ఉంది, పురుగు మచ్చలుగా ఉంది, రెండూ కలిసిన చోటే మొక్క వాడుతోంది. గుంపులు గుంపులుగా కనిపించడానికి కారణం అదే.

పాత ప్రయత్నాల ఫలితాలూ ఇప్పుడు అర్థమయ్యాయి. నీరు పెంచిన మొదటి రెండు రోజులు బాగైంది ఉప్పు పలచబడటంవల్ల, దాహం తీరి కాదు. 19:19:19 తర్వాత అంచులు మాడింది ఉప్పుకు ఉప్పు తోడై. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ లీటరుకు ఒక గ్రాము కలిపితే నీటి ఈసీ దాదాపు 1.85 పెరుగుతుంది. ఒకటిన్నర గ్రాములకు 2.8. బోరు నీటి 1.4తో కలిపి, మొక్క మొదట్లో పడుతున్నది 4.2 ఈసీ నీరు. ఎరువు ట్యాంకు దగ్గర కాక, చివరి డ్రిప్పర్ కింద గ్లాసు పట్టి కొలిస్తే ఇది మొదటి వారమే తెలిసేది.

నాలుగు సాళ్లలో పరీక్ష

ఊహ ఎంత బాగున్నా ఊహే. ఒకే పెద్ద మచ్చ గుండా వెళ్లే నాలుగు సాళ్లు తీసుకుని, ఒక్కో దానిలో పన్నెండు మొక్కలు గుర్తు పెట్టాం. ఒకటి ఉప్పు కడగడం మాత్రమే. రెండోది నులిపురుగు మందు మాత్రమే, డ్రిప్పులో ఫ్లూపైరామ్, లేబుల్ మోతాదు ప్రకారం, కోతకు ఉండాల్సిన గడువు చూసుకుని. మూడోది రెండూ. నాలుగోది ఏమీ లేకుండా. కొలతలు రెండే పెట్టుకున్నాం: ఏ గంటకు వాడటం మొదలైంది, మధ్యాహ్నం ఒంటిగంటకు ఆకు వేడి గాలి వేడి కంటే ఎంత ఎక్కువ. పత్రరంధ్రాలు మూసుకుంటే నీరు ఆవిరి కాదు, ఆకు చల్లబడదు. మొదట్లో మచ్చలోని ఆకు గాలి కంటే 2.5 డిగ్రీలు ఎక్కువ, బాగున్న ఆకు 1.5 తక్కువ.

పది రోజులకు ఏమీ చేయని సాలు 11 గంటలకే వాడుతోంది. మందు మాత్రమే ఇచ్చినదీ అంతే. ఇది ఆశ్చర్యం కలిగించకూడదు. మందు కొత్త పురుగును ఆపుతుంది, వంకరపోయిన నాళాన్ని సరిచేయదు. మొదట మందు ఒక్కటే ఇచ్చి పది రోజులు చూసి ఉంటే, నులిపురుగు కారణమే కాదని కొట్టిపారేసే ప్రమాదం ఉండేది. ఉప్పు కడిగిన సాలు పన్నెండున్నరకు, రెండూ చేసిన సాలు రెండింటికి వాడాయి. రెండూ చేసిన దానిలో ఆకు వేడి గాలి కంటే అర డిగ్రీ తక్కువకు వచ్చింది, తవ్వితే ఐదు సెంటీమీటర్ల కొత్త తెల్లవేర్లు కనిపించాయి.

కడగడంలో ఒక పొరపాటు

కడగడం అనుకున్నంత సులువుగా జరగలేదు. డ్రిప్పర్‌కు మూడు రాత్రుల్లో 12 లీటర్లు అదనంగా ఇవ్వాలని లెక్క. తడి పట్టే జాగా 0.24 చదరపు మీటర్లు, అంటే 50 మిల్లీమీటర్ల నీరు. మొదటి రాత్రి రెండు గంటలు ఏకధాటిగా వదిలాం. తెల్లారేసరికి కాడలు మళ్లీ వంగాయి. అడుగు పళ్లెం సంగతి కాగితం మీద రాసుకుని కూడా, నీరు వదిలేటప్పుడు మరిచాం. ఒక రోజు ఆరనిచ్చి, అదే నీటిని అరగంట వదిలి గంట ఆపుతూ నాలుగు దఫాలుగా ఇచ్చాం. గట్టిపొర ఎంత వేగంగా వదిలితే అంత వేగంగానే నీరు పోయాలి. అప్పుడు నిలవలేదు. నడిమధ్య ఈసీ 2.0కు, తడి అంచున 3.8కు దిగింది.

ఉప్పు మళ్లీ పేరుకోకుండా ప్రతి తడిలో కొంత ఎక్కువ నీరు పోవాలి. సూత్రం తేలిక: నీటి ఈసీని, పైరు ఓర్చుకునే ఈసీకి ఐదు రెట్లలోంచి నీటి ఈసీ తీసేస్తే వచ్చేదానితో భాగించాలి. 2.5కు ఐదు రెట్లు 12.5, అందులో 1.4 పోతే 11.1. 1.4ను 11.1తో భాగిస్తే దాదాపు 13 శాతం. దానికి తగ్గట్టు రోజుకు పన్నెండు నిమిషాలు పెంచాం, రెండు దఫాలుగా విడగొట్టి.

మ్యూరేట్ ఆఫ్ పొటాష్ మాని పొటాషియం నైట్రేట్‌కు మారాం. క్లోరైడ్ పోతుంది, నత్రజనీ అందులోనే వస్తుంది, కాబట్టి వేరే ఉప్పు కలపక్కర్లేదు. చివరి డ్రిప్పర్ దగ్గర 2.2 దాటకూడదని హద్దు పెట్టుకుని, మోతాదు తగ్గించి రోజులు పెంచాం. మధ్యలో ఒక సాయంత్రం జల్లు పడింది. జల్లు పడుతుంటే డ్రిప్పు కట్టేయడం అందరి అలవాటు. ఉప్పు నేలల్లో అది తప్పు. పలచని వాన అంచున ఉన్న ఉప్పును కరిగించి వేరు మీదికి తెస్తుంది, డ్రిప్పు నడుస్తుంటే అది బయటికే పోతుంది. ఆ సాయంత్రం మాత్రం రైతు ఆపలేదు.

షీటు మీద నాలుగు వేళ్ల మందాన వరిగడ్డి పరిచాక మట్టి వేడి 32 నుంచి 28.5కు దిగింది. అప్పటికే వేరులో కాపురం పెట్టిన పురుగు దీనివల్ల పోదు. ఆ వేడిలో నులిపురుగు గుడ్డు నుంచి గుడ్డు దాకా రావడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. గడ్డి పరిచింది వచ్చే తరం కొత్త వేర్లలోకి చేరకుండా చూడటానికి. అదీ పూర్తిగా 28 లోపుకు రాలేదు కాబట్టి, మందుకు తోడుగానే తప్ప దానికి బదులుగా కాదు.

మిగిలిన పైరు

రెండు పనులూ తోటంతా చేశాక రెండు వారాలకు మచ్చల్లో వాడటం చాలావరకు ఆగింది, మరీ ఎండ కాసిన రోజుల్లో తప్ప. బాగా గిడసబారిన ముప్పై మొక్కలను వేర్లతో సహా తవ్వి సంచుల్లో బయటికి పంపాం. మచ్చల్లో చివరికి వచ్చిన కాపు మిగతా తోటలో వచ్చిన దాంట్లో సుమారు 60 శాతం. పూత దశలో పోయిన మూడు వారాలను ఏ మందూ తిరిగి తేలేదు. తొలి రెండు గెలల్లో కొన్ని కాయలకు అడుగు భాగం నల్లబడి కుళ్లింది కూడా. ఉప్పు, వేరు దెబ్బ రెండూ కాయ కొసకు కాల్షియం చేరనివ్వవు. మట్టిలో కాల్షియం లోటేమీ లేదు, అందుకే దాన్ని విడిగా పోయలేదు. కడిగాక వచ్చిన గెలల్లో ఆ మచ్చ లేదు.

తర్వాతి పంటకు

కోత ముగిశాక తోటంతటా ముప్పై మొక్కల వేర్లు కడిగి చూసి, మచ్చల పటం గీసి పెట్టాం. మూడు కొత్త చోట్ల 2, 3 స్థాయి బుడిపెలు దొరికాయి. పైకి ఆ మొక్కలు ఆరోగ్యంగానే కనిపించాయి. గట్టు మీది కామంచి మొక్కల వేర్లలోనూ బుడిపెలు ఉన్నాయి. వాటిని వేర్లతో తీయకపోతే పంట మార్చినా పురుగుకు అక్కడ తిండి ఆగదు.

గట్టిపొరను ఎండు నేలలో 40 సెంటీమీటర్ల లోతు దున్ని పగలగొట్టాలి, తడి నేలలో చేస్తే పొర ఇంకా గట్టిపడుతుంది. ఎండ వేడికి పురుగు చచ్చేలా, వేసవిలో నేల తడిపి పలచని పారదర్శక షీటు ఆరు వారాలు బిగించి కప్పాలి. నల్ల షీటు ఈ పనికి అంతగా పనికిరాదు. ఆ తర్వాత టమాట, వంగ, బెండ కాకుండా వేరుశనగ అనుకున్నాం. కానీ అది ఏ జాతి నులిపురుగు అన్నదాని మీద ఆధారపడుతుంది. ఇన్‌కాగ్నిటా జాతి వేరుశనగ మీద బతకదు, అరెనారియాలో ఒక తెగ బతుకుతుంది. అందుకే బుడిపె వేర్లు తడి కాగితంలో చుట్టి పరీక్షకు పంపి, ఫలితం వచ్చేదాకా విత్తనం కొనొద్దని చెప్పాం.